మెదడులో కణితి: చోటును బట్టి ఆయుష్షు మారుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. మెదడులో ఎడమ చెవి వైపున్న టెంపోరల్ లోబ్‌లో గ్లయోబ్లాస్టోమా అనే క్యాన్సర్ కణితి. మాట పోతుందని వెనక వైపు కొంత కణితి వదిలేశామన్నారు. ఇదే జబ్బున్న మా బంధువుకు నుదుటి వెనకుండే కుడి ఫ్రంటల్ లోబ్ నుంచి మొత్తం తీసేశారు. చోటు మారితే ఆయుష్షు కూడా మారుతుందా డాక్టర్‌గారూ? మిగిలింది మళ్లీ తీయించాలా?

జవాబు: మారుతుంది. కణితి ఎక్కడుందన్నదాన్ని బట్టి ఎంత తీయవచ్చో తేలుతుంది, ఎంత తీశారన్నదాన్ని బట్టి కాలం కొంత పెరుగుతుంది. కుడి ఫ్రంటల్ ముందు కొస కాస్త వెసులుబాటున్న చోటు. కణితి చుట్టూ కొంత అదనంగా తీసినా నడక, మాట సాధారణంగా నిలబడతాయి. ఎడమ టెంపోరల్ వెనక భాగం అలా కాదు. ఎదుటివాళ్ల మాటను అర్థం చేసుకునే ప్రాంతం చాలామందికి అక్కడే ఉంటుంది. దాని అడుగున మాటకు సంబంధించిన తంతువుల కట్టలు పోతుంటాయి. పైపొరను తప్పించుకుని లోపలికెళ్లినా, ఆ కట్ట తెగితే పోయిన మాట తిరిగి రావడం కష్టం. థాలమస్, మెదడు కాండం లాంటి లోతైన చోట్లయితే చాలాసార్లు సూదితో ముక్క తీసి పరీక్షకు పంపడంతోనే ఆగాల్సి వస్తుంది.

కణితిలో ఎంత తీస్తే లాభమన్నదానికి 2001 నాటి అధ్యయనం 98 శాతం అంది. 2011లో వచ్చిన మరొకదానిలో 78 శాతం నుంచే లాభం కనబడింది. ఈ శాతాలన్నీ కాంట్రాస్ట్ మందు నరానికి ఎక్కించి తీసిన ఎంఆర్ఐలో తెల్లగా మెరిసే భాగానివే. మీ బంధువుకు ‘మొత్తం తీసేశాం’ అన్నా అర్థం అంతే. కణాలు ఆ మెరుపు దాటి చుట్టుపక్కలకు పాకే ఉంటాయి కాబట్టి ఆయనకూ రేడియేషన్ తప్పదు.

వదిలేసిన ముక్కను చూసి సర్జన్‌కు చేతకాలేదనుకోవద్దు. ఇంకాస్త తీయబోయి మాట పడిపోయినా, ఒక పక్క చచ్చుబడినా, తీసినందువల్ల రావలసిన లాభం హరించుకుపోతుంది. మనిషి మంచాన పడతాడు, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకడుతుంది, న్యుమోనియా పట్టుకుంటుంది, రేడియేషన్ వాయిదా పడుతుంది.

అయినా ఒకటి చూడాలి. ఆపరేషన్ అయిన 72 గంటల్లోపు ఎంఆర్ఐ తీశారా? ఆ గడువు దాటితే కోసిన అంచులు కూడా మెరుస్తాయి, మిగిలిన కణితేదో మానుతున్న గాయమేదో తేల్చడం కష్టం. ఆ ఫిల్మ్ ముందు పెట్టి అడగండి: మిగిలింది సరిగ్గా మాట ప్రాంతంలోనే ఉందా? ఆపరేషన్ మెలకువలో చేశారా? మెలకువలో చేస్తే రోగి ఎదురుగా చూపే బొమ్మల పేర్లు చెబుతూ ఉంటాడు, సర్జన్ అతి చిన్న కరెంటుతో ఒక్కో చోటునూ తాకుతారు. ‘గొడుగు’ అనాల్సినవాడు గొంతు పెగలక ఆగిపోతే ఆ చోటు జోలికి పోరు. అలా పరీక్షించి వదిలిన ముక్కను మళ్లీ కోయించవద్దనే మా సలహా. పూర్తి మత్తులో, స్కాన్ చూసి అంచనా మీద వదిలేసి ఉంటే మాత్రం మరో న్యూరోసర్జన్ అభిప్రాయం తీసుకోవడం సబబే.

ఆ తిరుగుడులో రోజులు పోనివ్వకండి. గాయం మానాక, మామూలుగా 3 నుంచి 6 వారాల మధ్య రేడియేషన్ మొదలుపెడతారు. 30 సిట్టింగుల్లో మొత్తం 60 గ్రే (రేడియేషన్ మోతాదు కొలమానం) ఇస్తారు. ఆ రోజులన్నీ టెమొజొలొమైడ్ అనే కీమోథెరపీ మాత్ర, శరీర వైశాల్యం చదరపు మీటరుకు 75 మిల్లీగ్రాముల చొప్పున. 2005లో వెలువడిన ట్రయల్‌లో రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో సగం మంది 12.1 నెలలు దాటితే, మాత్ర కూడా కలిపినవారిలో సగం మంది 14.6 నెలలు దాటారు. రెండేళ్లు దాటినవారు 10.4 శాతం నుంచి 26.5 శాతానికి పెరిగారు. సగం మంది లెక్కను మీ నాన్నగారికి గడువుగా చదువుకోకండి. బయాప్సీ రిపోర్టులో ఎంజీఎంటీ మిథైలేషన్ (కణితి కణాల్లోని ఎంజీఎంటీ జన్యువు పని ఆగిపోయే మార్పు) ఉందేమో చూడండి, ఉన్నవారికి ఈ మాత్ర మెరుగ్గా పనిచేస్తుంది.

ప్రశ్న: నాది మెనింజియోమా, క్యాన్సర్ కాదన్నారు. మరి పుర్రె అడుగున కొంత ఎందుకు వదిలేశారు?

జవాబు: ఈ కణితి మెదడును కప్పే పొర నుంచి పుడుతుంది. నడినెత్తి మీద ఉంటే పొరతో, అవసరమైతే ఎముకతో సహా తీసేయొచ్చు. అడుగున, కంటి వెనక సిరల రక్తం నిండిన కావర్నస్ సైనస్ దగ్గరైతే మెడ నుంచి వచ్చే కెరోటిడ్ ధమని, కంటిని కదిలించే నరాలు దాని గుండానే పోతాయి. అంటుకున్న పొరను గీకితే కన్ను పక్కకు తిరిగిపోవచ్చు, పక్షవాతం రావచ్చు. 1957లో సింప్సన్ ఇచ్చిన లెక్కలో పొరతో సహా తీసినవారిలో 9 శాతం మందికి, కొంత వదిలినవారిలో 44 శాతం మందికి కణితి తిరిగొచ్చింది. అయితే అవి ఎంఆర్ఐ, రేడియోసర్జరీ (కోత లేకుండా కణితి మీదికే గురిపెట్టి ఇచ్చే రేడియేషన్) లేని రోజులు. ఇప్పుడు మిగిలిన చిన్న ముక్కను స్కాన్‌లతో గమనిస్తూ, పెరిగితే రేడియోసర్జరీ చేస్తారు. కాబట్టి స్కాన్ తేదీలు తప్పకండి.

ప్రశ్న: ఫ్రంటల్ లోబ్ కణితి తీశాక మా అక్కకు కుడి చెయ్యి కదలడం లేదు, మాట కూడా లేదు. ఇక ఇంతేనా?

జవాబు: కణితి రెండు అర్ధగోళాల నడుమ గోడకు ఆనుకుని, కదలికల ప్రాంతానికి కాస్త ముందు ఉండేదా? అక్కడ కోశాక స్పృహలోకి వస్తూనే ఇలా కనిపించడం తెలిసిన సంగతే. చాలామందిలో వారాల నుంచి 3 నెలల్లోపు చాలావరకు తిరిగొస్తుంది, సున్నితమైన వేళ్ల పనిలో కొంత మందకొడితనం మిగలొచ్చు. ఫిజియోథెరపీ మాత్రం ఇప్పుడే మొదలుపెట్టాలి. స్పృహ వచ్చినప్పుడు బాగానే కదిలిన చెయ్యి గంటలకో, రోజులకో పడిపోయిందా? అయితే అది వేరే సంగతి. లోపల రక్తస్రావమో, వాపో, ఫిట్సో కావచ్చు. క్షణం ఆలస్యం చేయకుండా స్కాన్ తీయించాలి.