కెమెరా సందేహాలు: ముక్కు బయటికొస్తుందా, రాదా?

ప్రశ్న: అన్నగారూ, నమస్కారం. మాది నాయుడుపేట. ఇరవై ఏళ్లుగా చెన్నైలోనే ఉంటున్నాం. మా అమ్మాయి ప్లస్ టూ అయ్యి ఈ ఏడు కాలేజీలో చేరింది. ఇంట్లో మంచి ఫోనే ఉన్నా "డిజిక్యామ్ కావాలి" అని ఒకటే గోల. మావారు "ఫోనుండగా దండగ" అంటున్నారు. నా చీటీ డబ్బు ఎనిమిది వేలుంది. ఆన్‌లైన్‌లో 48 మెగాపిక్సెల్, 4కే వీడియో, 16 రెట్ల జూమ్ అని కొత్తది ఐదున్నర వేలకు చూశాను. బర్మా బజార్‌లో పేరున్న కంపెనీ పాత కెమెరా, 16 మెగాపిక్సెల్, 8 రెట్ల జూమ్, ఏడు వేలంటున్నాడు. ఏది కొనమంటారు? అసలు కొనాలా?
– ఒక తల్లి, విల్లివాక్కం

జవాబు: అమ్మా, మీవారి మాటలో ముప్పాతిక నిజముంది. పగటి వెలుతురులో అయినా, రాత్రి ఫ్లాష్ లేకుండా అయినా మీ ఫోనే గెలుస్తుంది. ఇలాంటి చిన్న కెమెరాల్లో బొమ్మను పట్టే సెన్సర్ 6 మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగున్నర మిల్లీమీటర్ల ఎత్తు. చిటికెన వేలి గోరు కంటే చిన్నది. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి ఇంతకంటే పెద్దదే ఉంటోంది. పైగా ఫోను ఒక్క నొక్కుకి నాలుగైదు బొమ్మలు తీసి, కలిపి, నునుపు చేసి మరీ ఇస్తుంది. పాత కెమెరాకు ఆ తెలివి లేదు.

మిగిలిన పావు వంతు మీ అమ్మాయి పక్షం. ఫ్లాష్, జూమ్ రెండూ అందులోనే ఉన్నాయి.

ఫోనులో ఫ్లాష్ అని పిలిచేది ఎల్‌ఈడీ, టార్చిలైటుకు చెల్లెలు. కెమెరాలో ఉండేది జెనాన్ గొట్టం. లోపల కరెంటు దాచుకునే కెపాసిటర్ 300 వోల్టుల దాకా నింపుకుని, సెకనులో వెయ్యో వంతు లోపే కక్కేస్తుంది. గంతులేసే పిల్లలు కూడా కదలకుండా పడేది అందుకే. ముఖాలు తెల్లగా, వెనకంతా చీకటిగా వస్తుంది. ఒకప్పుడు "ఫ్లాష్ కొట్టేసిందయ్యా, ఇదేం ఫోటో" అని కస్టమర్లు నన్ను తిట్టిన లుక్కే ఇవాళ కాలేజీ పిల్లలకు ఫ్యాషన్! పది అడుగులు దాటితే మాత్రం ఆ వెలుగు చాలదు. మండపం చివరి వరుసలో కూర్చుని వేదిక మీద పెళ్లికూతురికి ఫ్లాష్ కొడితే ముందు కుర్చీలో పెద్దాయన బట్టతల వస్తుంది, అంతే. ఇంకోమాట, ఎవరూ స్క్రూడ్రైవర్ పట్టుకుని వీటిని విప్పకండి. మౌంట్ రోడ్డు పక్క సందులో 22 ఏళ్లు కెమెరాల రిపేరు పనే చేసినవాణ్ణి. బ్యాటరీ తీసేసినా ఆ కెపాసిటర్ కాటేస్తుంది, అనుభవం మీద చెబుతున్నాను.

ఇక ఆ ఆన్‌లైన్ కెమెరా. దాని బొమ్మను పెద్దది చేసి చూడండి. ముందువైపు లెన్సు చుట్టూ మెరిసే రింగు ఉంటుంది గానీ, ఆన్ చేస్తే ముక్కు, అంటే లెన్సు గొట్టం, బయటికి రాదు. మా షాపులో పరీక్ష ఇదే. స్విచ్ నొక్కగానే ముక్కు సర్రున బయటికొచ్చి, జూమ్ నొక్కితే ముందుకీ వెనక్కీ కదిలితే అది అసలైన జూమ్. (లెన్సును లోపలే అడ్డంగా దాచుకునే కెమెరాలు కొన్ని ఉన్నాయి, వాటి సంగతి ఇక్కడ వదిలేయండి.) ముక్కు కదలని ఈ రకం వాటిలో 16 రెట్లు అంటే డిజిటల్ జూమ్. అంటే బొమ్మ నడిమి ముక్కను కత్తిరించి సాగదీయడం. ఆ పని ఫోనులో రెండు వేళ్లతో ఉచితంగా చేసుకోవచ్చు. 48 మెగాపిక్సెల్ కూడా చాలావాటిలో చిన్న బొమ్మను సాగదీసి చెప్పిన లెక్కే. అసలు అన్ని ఎందుకమ్మా? ఆల్బంలో పెట్టే 4 బై 6 ప్రింటుకు రెండు మెగాపిక్సెల్ చాలు. గోడకు తగిలించే 8 బై 12కి తొమ్మిది సరిపోతుంది. బర్మా బజార్ వాడి 16 మీకు మిగిలిపోతుంది కూడా.

కాబట్టి ఐదున్నర వేలది వద్దు. కానీ బర్మా బజార్‌కు కూడా ఇప్పుడే వెళ్లకండి. ముందు మీ నాయుడుపేట బంధువుల బీరువాలు వెతకండి! సరదాకి అనడం లేదు. జపాన్ కెమెరా కంపెనీల సంఘం సీఐపీఏ లెక్కల్లో 2010లో ఇలా లెన్సు బిగించి వచ్చే కెమెరాలు 10 కోట్లకు పైగా బయటికెళ్లాయి. 2023లో 20 లక్షలు కూడా లేవు. ఆ కోట్ల కెమెరాలన్నీ ఏమయ్యాయంటారు? పెళ్లి చీరల కింద, పాత ఛార్జర్ల సంచిలో నిద్రపోతున్నాయి. మీ మరిది పెళ్లికి ఫోటోలు తీసినవాళ్లెవరో గుర్తు తెచ్చుకుని ఓ ఫోన్ కొట్టండి.

దొరక్కపోతే అప్పుడు బర్మా బజార్. ఫోటోలు దాచే మెమరీ కార్డు మీరే తీసుకెళ్లండి, 8 లేదా 16 జీబీ ఎస్‌డీ రకం. కెమెరా ఆన్ చేసి చెవి దగ్గర పెట్టుకోండి. ముక్కు వచ్చేటప్పుడు సన్నని మోటారు శబ్దం తప్ప కరకర వినిపించకూడదు. జూమ్ చివరిదాకా లాగి తెల్ల కాగితాన్ని గానీ ఆకాశాన్ని గానీ తీయండి. బూడిద రంగు మచ్చలుంటే లోపల దుమ్ము చేరింది. తర్వాత ముఖ్యమైనది. లెన్సులోకి ఫోన్ టార్చి ఏటవాలుగా కొట్టి చూడండి. సాలెగూడు దారాల్లా కనిపిస్తే ఫంగస్. మన చెన్నై ఉక్కకు, అందులోనూ తోలు పర్సులో ఏళ్లపాటు పడుకున్న కెమెరాకు, ఇది రాకపోతేనే ఆశ్చర్యం. వాడు "తుడిస్తే పోతుంది" అంటాడు. పోదు. ఫ్లాష్ వరసగా ఐదుసార్లు కొట్టించండి. ఆన్ చేయగానే తేదీ, టైము అడిగితే కంగారు పడకండి, చాలాకాలం బ్యాటరీ లేకుండా ఉన్నవి అలాగే అడుగుతాయి.

బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టండి. ఉబ్బి ఊగుతుంటే అది చెత్తే. దాని మీద నంబరు చూసుకుని, అదే నంబరుది కొత్తది రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుందో లేదో కనుక్కున్నాకే డబ్బివ్వండి. ఎస్‌డీ కాకుండా ఎక్స్‌డీ అనే పాత రకం మెమరీ కార్డు పట్టే కెమెరా అయితే అక్కడే వదిలేసి వచ్చేయండి, ఆ కార్డు కోసం ఊరంతా తిరగాలి.

ఇవన్నీ నెగ్గితే ఏడు వేలు కాదు, ఐదున్నర దగ్గర బేరం మొదలుపెట్టండి. మిగిలినదాంతో కొత్త బ్యాటరీ, కార్డు వస్తాయి. బిల్లు, గ్యారంటీ ఉండవని తెలిసే వెళ్లండి. కొత్తదే కావాలంటే కొడాక్ పిక్స్‌ప్రో పేరుతో చిన్నవి వస్తున్నాయి, వాటికి ముక్కు నిజంగానే బయటికొస్తుంది. ఆ పేరును లైసెన్సు మీద వాడుకుంటున్నది జేకే ఇమేజింగ్ అనే కంపెనీ, పాత కొడాక్ కాదు. మీ ఎనిమిది వేలలో దొరకడం కష్టమే.

కెమెరా ఏదైనా బీచ్‌కు తీసుకెళ్లొద్దని అమ్మాయికి చెప్పండి. 2009లో బెసంట్ నగర్ బీచ్‌లో మా చెల్లెలి కొడుకు మొదటిసారి సముద్రం చూసి కేకలు పెడుతుంటే, ఇసుక చేతులతోనే కెమెరా తీశాను. నాలుగు ఫోటోలయ్యాయి. ఐదోదానికి ముక్కు సగం దాకా వచ్చి "కర్ర్" అని ఆగిపోయింది, తెర మీద లెన్స్ ఎర్రర్. ఆ ముక్కు అంటే ఒకదానిలో ఒకటి దూరే మూడు గొట్టాలు, మధ్య సందు వెంట్రుకంత. ఒక్క ఇసుక రేణువు చాలు ప్లాస్టిక్ పళ్లచక్రం విరగడానికి. రోజూ పదిమందికి ఈ నీతి చెప్పే మెకానిక్‌ని! మా ఆవిడ ఇప్పటికీ బీచ్‌కు వెళ్దామంటే "కెమెరా తెస్తారా?" అని అడుగుతుంది.

ప్రశ్న: రిటైరయ్యాను. వేడంతాంగల్‌లో పక్షుల ఫోటోలు తీయాలని కోరిక. జేబులో పట్టే 8 రెట్ల జూమ్ కెమెరా చాలా?
– అంబత్తూరు పాఠకుడు

జవాబు: చాలదండీ. లెన్సు ఎంత దగ్గరికి లాగుతుందో మిల్లీమీటర్లలో చెబుతారు, 28 దగ్గర మొదలయ్యే లెన్సుకు 8 రెట్లంటే 224. చెరువు గట్టు మీద నిలబడి తీస్తే కొంగ బియ్యపు గింజంత పడుతుంది. 40, 50 రెట్ల జూమ్ ఉండి, లెన్సు ఊడని పెద్ద సైజు కెమెరా, బ్రిడ్జి కెమెరా అంటారు, సెకండ్ హ్యాండ్‌లో వెతకండి, జేబులో మాత్రం పట్టదు. ఈ సీజనుకు ఒక 8 బై 42 (8 రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) బైనాక్యులర్ కొనుక్కుని నవంబరు నుంచి మార్చి లోపు ఓ ఉదయం వెళ్లిరండి. కెమెరా సంగతి తర్వాత చూద్దాం.

ప్రశ్న: పాత కెమెరాలో కొత్త 128 జీబీ కార్డు వేస్తే "కార్డ్ ఎర్రర్" అంటోంది. కెమెరా పోయినట్టేనా?
– పెరంబూర్ పాఠకురాలు

జవాబు: కెమెరాకు ఏమీ కాలేదమ్మా. 32 జీబీ దాటిన కార్డుల పద్ధతి వేరు, చాలా పాత కెమెరాలు వాటిని చదవలేవు. 16 జీబీది వేసి, కెమెరాలోనే ఫార్మాట్ కొట్టండి. 2006కి ముందుదైతే 2 జీబీ కార్డే అడుగుతుంది, అది మీ పాత ఫోన్ డబ్బాలో అడాప్టర్‌తో సహా పడి ఉండొచ్చు, ఓసారి చూడండి.