పెళ్లిళ్ల సీజన్ నమ్ముకొని కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషీన్ అప్పుతో కొనొచ్చా?

కొనొచ్చు, కానీ పెళ్లిళ్ల నెల రాబడి చూసి కాదు, ఆషాఢంలో వచ్చే డబ్బుతో కంతు కట్టగలరా అని చూసుకొని. ఆర్డర్లు ముహూర్తాలను బట్టి వస్తాయి, బ్యాంకు కంతు నెలనెలా వస్తుంది. కడపలో ఒక టైలరింగ్ షాపు 4 లక్షలు, 12 శాతం వడ్డీకి, 36 నెలలకు తీసుకుందనుకుందాం. కంతు సుమారు 13,300. దారం, క్యాన్వాస్, కరెంటు, కూలి పోను జాకెట్టుకు 350 మిగిలితే, నెలకు 38 జాకెట్లు కంతుకే సరి. ఆషాఢంలో 15 వస్తే 8,000 చేతి నుంచి పడుతుంది. అందుకే కొనేముందే మూడు కంతుల డబ్బు, అంటే 40 వేలు, విడిగా పెట్టుకోవాలి. దయచేసి దీన్ని వదిలేయకండి. చాలామంది పొరపడేది ఇక్కడే: "కుదరకపోతే మెషీన్ అమ్మేస్తే అప్పు తీరుతుంది" అనుకుంటారు. ఏడాది కట్టాక కూడా అసలు 2.8 లక్షలు మిగిలే ఉంటుంది, వాడిన మెషీన్‌కు అంత ధర పలకడం కష్టం.