సర్ఫ్‌బోర్డు కోసం ఫోమ్ కొనాలంటే ముందు కాటా వెయ్యండి

మీది కొత్తపట్నం దగ్గర అన్నారు. సొంతంగా ఏడున్నర అడుగుల సర్ఫ్‌బోర్డు చేసుకోవాలని ఉంది, ఒంగోలులో పెళ్ళి డెకరేషన్లకు అమ్మే థర్మాకోల్ సరిపోతుందా, లేక బయటి దేశం నుంచి బ్లాంక్ (బోర్డు ఆకారానికి దగ్గరగా పోతపోసిన ఫోమ్ దిమ్మ) తెప్పించుకోవాలా అని అడిగారు. నేను మైపాడు వైపువాణ్ణి. ఇప్పటికి మూడు బోర్డులు చేశాను. మొదటిది నీళ్ళలోకి దిగకుండానే పాడైపోయింది. ముందు ఆ సంగతే చెప్తాను.

మా బావ ఫైబర్ బోట్లకు రిపేర్లు చేస్తాడు. ఆయన దగ్గర రెసిన్, అంటే ఆరితే రాయిలా గట్టిపడే ద్రవం, ఎప్పుడూ ఉంటుంది, డబ్బు కలిసొస్తుంది కదా అనుకున్నాను. డెకరేషన్ థర్మాకోల్ షీట్లు ఒకదానిమీద ఒకటి అతికించి, నెల రోజులు సాయంత్రం పూట కూర్చుని చెక్కి, పైన ఫైబర్‌గ్లాస్ క్లాత్ పరిచి ఆ రెసిన్ పోశాను. బ్రష్ తగిలిన చోటల్లా ఫోమ్ లోపలికి దిగిపోవడం మొదలైంది. చూస్తుండగానే బోర్డు నడిమధ్యన నా అరచెయ్యి పట్టేంత గుంట పడింది. క్లాత్ మాత్రం పైన అలాగే బిగుసుకుని ఉంది, కింద ఏమీ లేదు.

బోట్లకు వాడేది పాలియెస్టర్ రెసిన్. అందులో స్టైరీన్ ఉంటుంది. థర్మాకోల్ అంటే పాలీస్టైరీన్, స్టైరీన్ తగిలితే కరిగిపోతుంది. కాబట్టి ఫోమ్ కొనేముందు రెసిన్ ఏదో తేల్చుకోండి. థర్మాకోల్ అయితే ఇపాక్సీ ఒక్కటే, అది స్టైరీన్ లేని రెసిన్. పాలీయురెథేన్ అనే ఇంకో రకం ఫోమ్‌తో చేసిన బ్లాంక్ అయితే పాలియెస్టర్, ఇపాక్సీ రెండూ పడతాయి.

మీరు తెప్పించుకుందామనుకున్నది ఆ పాలీయురెథేన్ బ్లాంకే అనుకుంటాను. రాకర్, అంటే ముక్కూ తోకా పైకి లేచే వంపు, అందులో అచ్చులోనే వచ్చేస్తుంది. మధ్యలో చెక్కబద్ద కూడా అతికించే ఉంటుంది. చెక్కడానికి హాయిగా ఉంటుంది. అమెరికాలో చాలా ఏళ్ళు దాదాపు అందరూ క్లార్క్ ఫోమ్ బ్లాంకులే వాడేవాళ్ళు. 2005 డిసెంబర్‌లో ఆ కంపెనీ ఉన్నట్టుండి మూతపడ్డాకే చాలామంది థర్మాకోల్, ఇపాక్సీ వైపు చూశారు. మనకు అసలు ఇబ్బంది రవాణా. కొరియర్‌వాళ్ళు మామూలుగా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి బరువు కడతారు. 230, 60, 15 సెంటీమీటర్ల పెట్టె అయితే 41 కిలోలు దాటుతుంది. లోపలున్న బ్లాంక్ నాలుగైదు కిలోలు కూడా ఉండదు. పైన కస్టమ్స్. మొదటి బోర్డుకు అంత ఖర్చు వద్దనే చెప్తాను. ఎప్పుడైనా ఆ బ్లాంక్ దొరికితే మాత్రం వేడి తీగతో (కరెంటుతో వేడెక్కి ఫోమ్‌ను కోసే తీగ) కొయ్యకండి, విషవాయువులు వస్తాయి. రంపంతో కొయ్యండి, ముక్కుకు మంచి మాస్క్ పెట్టుకోండి.

ఇక థర్మాకోల్. డెకరేషన్ షీట్ వద్దు. చాలా తేలిక, వేలితో నొక్కితే సొట్ట పడుతుంది. పొరలు అతికించిన చోట జిగురు గట్టిపడి, సాండ్‌పేపర్ వేస్తే గట్లుగట్లుగా లేస్తుంది. థర్మాకోల్ తయారుచేసే చోటికే వెళ్ళి ఒకే దిమ్మ అడగండి. నేను చెన్నై నుంచి తెచ్చుకున్నాను. మందం అడిగితే చాలదు, డెన్సిటీ చెప్పి అడగాలి. క్యూబిక్ మీటరుకు 24 కిలోలైతే సరిపోతుంది, 32 అయితే ఇంకా గట్టిగా ఉంటుంది కానీ బరువు. 16కు దిగితే మాత్రం క్లాత్ పొరలు పెంచాల్సి వస్తుంది.

వాళ్ళు చెప్పిన డెన్సిటీ నమ్మి వచ్చేయకండి, కాటా మీద పెట్టించండి. మీ బోర్డుకు 2.4 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల మందం దిమ్మ కావాలి. అది 24 డెన్సిటీ అయితే దాదాపు 6.9 కిలోలు తూగాలి. 4.6 తూగిందంటే మీకిస్తున్నది 16. నాకు ఒకచోట 24 అని చెప్పినది తూకంలో 18కి వచ్చింది, తీసుకోకుండా వచ్చేశాను. ఇంకో సంగతి, థర్మాకోల్‌ను ఆవిరితో పొంగిస్తారు కాబట్టి కొత్త దిమ్మలో తడి ఉండి బరువు ఎక్కువ చూపిస్తుంది. కొన్ని వారాలు ఆరినది అడగండి.

మందం 20 ఎందుకంటే, బోర్డు మందం ఏడెనిమిది సెంటీమీటర్లే అయినా ముక్కు పైకి లేవాలి. సన్న దిమ్మలో ఆ వంపు పట్టదు. రెండు పక్కలా ప్లైవుడ్ అచ్చు బిగించి వేడి తీగ లాగితే వంపు ఒక్కసారిగా వస్తుంది. మన దగ్గర చాలా రోజులు అల చిన్నదే, కాబట్టి వంపు మరీ ఎక్కువ పెట్టకండి. ఆ తర్వాత దిమ్మను నిలువునా రెండుగా చీల్చి, మధ్యలో ప్లైవుడ్ బద్ద పెట్టి ఇపాక్సీతో అతికించండి.

తూకం సరిపోయాక ఒక మూల తుంచి చూడండి. మంచి దిమ్మలో గింజలు మధ్యకు చీలతాయి. గింజ గింజగా, సగ్గుబియ్యంలా రాలిపోతే అతుకు సరిగ్గా లేనట్టు. బోర్డుకు ఎక్కడైనా చిల్లు పడితే ఆ సందుల్లోంచే నీళ్ళు లోపలికి పాకుతాయి. రొయ్యల పెట్టె ఒకటి, డెకరేషన్ షీట్ ఒకటి పక్కపక్కన విరిచి చూడండి, తేడా కంటికే తెలుస్తుంది. గింజలు ఒకే సైజులో ఉండాలి. పాత థర్మాకోల్ పొడి కలిపిన దిమ్మ అయితే చెక్కేటప్పుడు చోట్లచోట్ల గుంటలు పడుతుంది.

ఇపాక్సీ వేసే వేళ కూడా ముఖ్యం. పొద్దున వేస్తే ఎండ ఎక్కేకొద్దీ ఫోమ్‌లో గాలి వ్యాకోచించి, క్లాత్ కింద బుడగలు లేస్తాయి. నా రెండో బోర్డు అడుగున అవి ఇప్పటికీ ఉన్నాయి. మూడోదానికి సాయంత్రం ఐదున్నర దాటాక, వేడి దిగుతున్నప్పుడు వేశాను. గాలి సంకోచించి రెసిన్‌ను లోపలికే లాక్కుంది, ఒక్క బుడగ లేదు. దానికి ముందే ఇపాక్సీలో మైక్రోబెలూన్ పొడి (లోపల బోలుగా ఉండే సన్న గుళికల పొడి) కలిపి గింజల సందులు పూడ్చుకోండి. బోట్లకు వాడే, నేత లేని ఫైబర్‌గ్లాస్ మ్యాట్ వద్దు, 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల) నేత క్లాత్ తీసుకోండి.

దిమ్మ తెచ్చాక రేకుల షెడ్డులో పెట్టకండి, ఇంట్లో నీడన పెట్టండి. తూకం ఎంత వచ్చిందో, మీ బరువెంతో ఇక్కడ రాస్తే వెడల్పు, మందం ఎంత పెట్టుకోవాలో చెప్తాను.