జమా ఖర్చూ ఒకే పేజీలో

చిరంజీవికి ఆశీస్సులు.

నీ రాతప్రతి అందింది. పన్నెండుమంది అమెరికా నాయకుల జీవితాలు, ఒక్కొక్కరికి పదిహేను పేజీలు. ఒకసారి మామూలు పాఠకుడిలా చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. వాక్యం నీ చేతికి లొంగింది. ఆ సంగతి ఇక ఎత్తను, పొగిడితే అక్కడే కూర్చుండిపోతావు. నాకు అడ్డు తగిలింది వేరొకటి. పన్నెండు జీవితాలూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. బీద బాల్యం, పట్టుదల, పదవి, ఘనకార్యాలు, చివర ‘విమర్శలు’ అనే ఉపశీర్షిక కింద అరపేజీ. విస్తరి మూల ఉప్పు వడ్డించినట్టు వడ్డించావు ఆ అరపేజీని. కావలసినవాళ్ళు అద్దుకుంటారు, అక్కరలేనివాళ్ళు అటు చూడనైనా చూడరు.

మా నాన్నగారికి చిన్న కిరాణా కొట్టు ఉండేది. రాత్రి తలుపులు వేశాక చిట్టా రాసేవారు. పైన తేదీ, ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. వచ్చిన డబ్బు ఒక పుస్తకంలో, పోయిన డబ్బు ఇంకో పుస్తకంలో రాస్తే చూడటానికి బాగుంటుంది కదా అని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. “అలా రాసుకున్నవాడు దివాలా తీసే రోజు దాకా నవ్వుతూనే ఉంటాడురా” అన్నారు. జీవితచరిత్ర రాయడంలో నాకు తెలిసిన మెలకువ ఆ చిట్టా ఒక్కటే. రాయబోయే మనిషి పేరు మీద ఒక నోటుపుస్తకం పెట్టు. ఏడాదికో పేజీ. ఆ ఏడాది చేసినది, చెడగొట్టినది, చేయగలిగి ఊరుకున్నది, అన్నీ తేదీలతో ఆ పేజీ మీదే వేయి. ఖాళీగా మిగిలిన పేజీలను చింపవద్దు.

నీ మొదటి అధ్యాయమే తీసుకో. లింకన్ ఓటముల జాబితా ఇచ్చావు. అది మన వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో, బడి గోడల మీద ఎన్నేళ్ళుగానో తిరుగుతోంది. దాన్ని చిట్టాలోకి ఎక్కించి చూడు. 1832లో ఇల్లినాయ్ శాసనసభకు పోటీ చేసి ఓడిన మాట నిజమే. కానీ సొంత ఊరు న్యూ సేలంలో పడిన 300 ఓట్లలో 277 ఆయనవే. 1834, 1836, 1838, 1840 ఎన్నికల్లో వరసగా నాలుగుసార్లు గెలిచాడు. 1846లో ప్రతినిధుల సభకు ఎన్నికయ్యాడు. తర్వాత రైల్వే కంపెనీల తరఫున వాదించే పేరున్న ప్లీడరు. 1855లో, 1858లో సెనేట్ దక్కలేదు, అదీ నిజమే. ఓటముల్లోంచి లేచిన వీరుడు కావాలి కాబట్టి జాబితా కట్టినవాడెవడో గెలుపులన్నీ కొట్టేశాడు. చూశావా, మనిషిని దేవుణ్ణి చేయాలంటే తప్పులే దాచనక్కరలేదు, ఒప్పులు దాచినా చాలు. ‘వ్యాపారంలో విఫలం’ అని ఒక్క ముక్కలో తేల్చిన చోట ఏముందో తెలుసా? న్యూ సేలంలో పెట్టిన కొట్టు మునిగింది, భాగస్వామి చనిపోయాడు, అతని వాటా అప్పు కూడా లింకన్ నెత్తినే పడింది. దాన్ని ఏళ్ళ తరబడి తీర్చాడు. కథ ఆ తీర్చడంలో ఉంది.

కొడుకు ఉపాధ్యాయుడికి లింకన్ రాశాడని చెప్పే ఉత్తరాన్ని మాత్రం దయచేసి తీసేయి. ఆయన రచనల సంపుటాల్లో అది లేదు. ఈ మాట పెద్దరికంతో చెప్పడం లేదు, దెబ్బ తిని చెబుతున్నాను. ముప్ఫై ఏళ్ళ కిందట ఒక వారపత్రిక పిల్లల పేజీలో నేనూ దాన్ని వేశాను. రిటైరైన మాస్టారొకరు కార్డు రాశారు: “ఏ సంపుటం, ఎన్నో పేజీ?” జవాబివ్వడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఒక నెల వెతకడానికి, ఇంకో నెల సిగ్గు తగ్గడానికి.

ఇక అధ్యక్షుడు లిండన్ జాన్సన్. ఈ ఉత్తరం నాచేత రాయించింది ఆ అధ్యాయమే. పద్నాలుగు పేజీలు పౌరహక్కుల మహానేత, చివరి అరపేజీలో వియత్నాం. 1965 పేజీ ఒక్కటి తెరువు. మార్చి 7న అలబామాలోని సెల్మాలో, ఓటు హక్కు కోసం నడుస్తున్న నల్లజాతీయులను పోలీసులు వంతెన మీద చావబాదారు. మర్నాడే, మార్చి 8న, 3,500 మంది అమెరికన్ మెరీన్లు వియత్నాంలోని డానాంగ్ తీరాన దిగారు. మార్చి 15 రాత్రి జాన్సన్ ఉభయ సభల ముందు నిలబడి ఓటు హక్కు చట్టం కావాలని అడిగాడు, ఉద్యమకారులు పాడుకునే పాట పల్లవిని తన నోట పలికాడు. జూలై 28, బుధవారం, విలేకరుల సమావేశంలో వియత్నాంలోని సైన్యాన్ని 75,000 నుంచి 1,25,000కు పెంచుతున్నానన్నాడు. జూలై 30, శుక్రవారం, మిస్సోరీలోని ఇండిపెండెన్స్ ఊరికి వెళ్ళి, ముసలివాడైన మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, వృద్ధుల వైద్యం కోసం చేసిన మెడికేర్ చట్టం మీద సంతకం పెట్టాడు. ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం మీద సంతకం.

బుధవారానికీ శుక్రవారానికీ మధ్య ఒక్క గురువారం ఉంది. నువ్వేమో ఆ రెండింటి మధ్య పది పేజీలు పెట్టావు. అవి విడివిడి సంగతులైతే ఎలా రాసినా చెల్లేది. కానీ ఆ బుధవారం జాన్సన్ రిజర్వు దళాలను పిలవలేదు, యుద్ధానికి పన్ను వేయమని అడగలేదు. యుద్ధం ఎంత పెద్దదో బయటపడితే, తన సంక్షేమ చట్టాలకు డబ్బివ్వాల్సిన కాంగ్రెస్, అంటే అక్కడి చట్టసభ, చేతులు ముడుచుకుంటుందని భయపడ్డాడు. అందుకే సైన్యాన్ని చప్పుడు లేకుండా పెంచాడు. మెడికేర్‌ను కాపాడుకోవాలనే ఆత్రమే యుద్ధాన్ని జనం కళ్ళకు కప్పింది. జమ వల్ల ఖర్చు, ఖర్చు వల్ల జమ. దీన్ని ‘విమర్శలు’ కింద వేస్తే చదివేవాడికి ఏం తెలుస్తుంది?

వెనక్కి వెళ్ళినా అంతే. 1928లో, ఇరవై ఏళ్ళ వయసులో, టెక్సాస్‌లోని కోటుల్లా అనే ఊళ్ళో మెక్సికన్ కుటుంబాల పిల్లలకు పాఠాలు చెప్పాడు. ఆ పిల్లలు పొద్దున ఏమీ తినకుండా ఆకలితో బడికి వచ్చేవారని 1965 మార్చి ప్రసంగంలో చెప్పుకున్నాడు. ఈ రెండు తేదీలనూ కలుపుతూ మంచి పేరా రాశావు. అయితే మధ్యలో 1937 నుంచి 1957 దాకా పేజీలేవి? ఆ ఇరవై ఏళ్ళూ ఆయన కాంగ్రెస్‌లో ఉండి, పౌరహక్కుల బిల్లు వచ్చిన ప్రతిసారీ వ్యతిరేకంగా ఓటు వేశాడు. కోటుల్లా పిల్లలు ఆ ఇరవై ఏళ్ళూ జ్ఞాపకం లేరా, లేక జ్ఞాపకం ఉండి కూడా చెయ్యెత్తాడా? నాకు రెండోదే అనిపిస్తుంది. నువ్వు వేరేగా అనుకోవచ్చు. ఆ ప్రశ్నను మాత్రం పాఠకుడి ముందు పెట్టాలి.

1948 గురించి ‘స్వల్ప మెజారిటీతో సెనేట్‌కు ఎన్నికయ్యారు’ అని దాటేశావు. అమ్మా, అంత రుచిగల పేజీని ఎవరైనా వదులుకుంటారా! పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీ ఎన్నిక రెండో విడతలో దాదాపు పది లక్షల ఓట్లు పడితే తేడా 87. ఎన్నిక జరిగి ఆరు రోజులైన తర్వాత, ఆలిస్ అనే ఊళ్ళోని 13వ నంబరు పెట్టెలో 202 పేర్లు కొత్తగా చేరాయి. ఆ ఓటర్లందరూ అక్షరక్రమంలో వరస కట్టి వచ్చి ఓటేశారన్నమాట! ఆ తర్వాత వాషింగ్టన్‌లో ఆయనకు ‘భారీ మెజారిటీ లిండన్’ అని ఎగతాళి పేరు పడింది. 1964లో పౌరహక్కుల చట్టాన్ని నెట్టుకొచ్చిన పట్టుదల ఆ పెట్టె లోంచే సెనేట్‌కు వచ్చింది. సమర్థించమని కాదు, తిట్టమని కాదు, తేదీ వేసి రాయమంటున్నాను.

ఇంకో ఆధారం చెబుతాను. జాన్సన్ తన ఫోను సంభాషణలను టేపు చేయించాడు. అవి ఆస్టిన్‌లో ఆయన పేరు మీద ఉన్న గ్రంథాలయంలో ఉన్నాయి, ఎవరైనా వినవచ్చు. 1964 మే 27న సలహాదారు బండీతో మాట్లాడుతూ, వియత్నాం కోసం పోరాడటం దండగ అనిపిస్తోందని, అలాగని బయటపడే దారీ కనిపించడం లేదని వాపోతాడు. సైన్యాన్ని పెంచడానికి పద్నాలుగు నెలల ముందు మాట ఇది. ‘వియత్నాంలో ఆయన అంచనా తప్పింది’ అన్న నీ వాక్యం ఈ తేదీ ముందు నిలవదు.

మన ఇంటి గడప దాకా వచ్చే పేజీ కూడా ఉంది. కరువు కాలంలో, 1965 నుంచి 1967 దాకా, మన దేశానికి రావలసిన గోధుమలను జాన్సన్ ఏడాదికోసారి కాక నెల నెలకూ కొద్దికొద్దిగా వదిలాడు. ఏ ఓడ ఎప్పుడు బయలుదేరాలో తానే తేల్చేవాడు. మన వ్యవసాయ విధానం మారాలన్నది ఒక కారణం, వియత్నాం మీద ఢిల్లీ చేస్తున్న వ్యాఖ్యలు నచ్చకపోవడం ఇంకొకటి. ఆ రోజుల్లో మా బడిలో మధ్యాహ్నం అమెరికా రవ్వతో ఉప్మా పెట్టేవారు. మేం తిన్న ముద్దకూ వైట్‌హౌస్ బల్లకూ సంబంధం ఉందని నాకు నలభై ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు. పొలం గట్ల మీద మొలిచే వయ్యారిభామ కూడా ఆ గోధుమలతోనే వచ్చిందని మా ఊళ్ళో చెప్పుకునేవారు. చెప్పుకునేవారన్నంత వరకే రాశాను, గమనించు.

అదే 1965లో, అక్టోబరు 3న, స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర కూర్చుని వలస చట్టం మీద సంతకం చేసిందీ ఆయనే. అంతకు ముందు భారతదేశానికి ఇచ్చిన కోటా ఏడాదికి వంద మంది. మన డాక్టర్లు, ఇంజనీర్లు అటు వెళ్ళగలిగింది ఆ సంతకం తర్వాతే. నీ చివరి అధ్యాయం, అరుణా మిల్లర్‌ది, మొదలు కావలసింది అక్కడే. ‘మన తెలుగు ఆడపడుచు’ అని మొదలుపెట్టి 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ ప్రమాణ స్వీకారానికి ఒక్క గెంతు గెంతావు. హైదరాబాద్‌లో పుట్టి 1972లో ఏడేళ్ళ పిల్లగా వెళ్ళిన ఆమె, సుమారు పాతికేళ్ళు స్థానిక ప్రభుత్వంలో రోడ్ల ఇంజనీరుగా పనిచేశారు. 2018లో ప్రతినిధుల సభ టికెట్టు కోసం తన పార్టీ ప్రైమరీలో నిలబడి ఓడిపోయారు. ఆ పాతికేళ్ళ గురించి నీ రాతప్రతిలో ఒక్క వాక్యం లేదు. ‘మనవాళ్ళు’ అన్న ముచ్చటలో పడితే మనిషి చేసిన పని కనిపించదు.

ఫ్రాన్సిస్ పెర్కిన్స్‌ను చేర్చినందుకు సంతోషం, చాలామంది మరిచిపోతారు. కానీ ఆమెను ‘కార్మిక కార్యదర్శి’ అన్నావు. మన పాఠకుడికి కార్యదర్శి అంటే ఫైళ్ళు చూసే అధికారి. ఆమె మంత్రి, ఆ దేశపు కేబినెట్‌లో మొదటి మహిళ, 1933 నుంచి 1945 దాకా. ‘కార్మిక శాఖ మంత్రి’ అని రాయి. అక్కడ మంత్రులు చట్టసభ సభ్యులుగా ఉండకూడదని కూడా ఒక్క ముక్కలో చెప్పు, లేకపోతే ఆమె ఏ నియోజకవర్గం నుంచి గెలిచిందని అడుగుతారు.

1911 మార్చి 25న న్యూయార్క్‌లో, ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే ట్రయాంగిల్ ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోవడాన్ని ఆమె కళ్ళారా చూసింది. ఆ దృశ్యం బాగా రాశావు. తర్వాతి వాక్యంలోనే 1933 వచ్చేసింది. ఆ ఇరవై రెండు పేజీల్లో ఏముందో చూడు. ఫ్యాక్టరీల విచారణ జరిగినప్పుడు శాసనసభ్యులను వెంటబెట్టుకుని షెడ్లలో తిప్పింది. రాబర్ట్ వాగ్నర్ అనే పెద్దమనిషిని, నిప్పంటుకుంటే తప్పించుకునే దారి అని చూపించిన చిన్న కంతలోంచి, మంచు పేరుకున్న నిచ్చెన మీదికి పాకించింది. 1935 కార్మిక సంఘాల చట్టం ఆ వాగ్నర్ పేరు మీదే ఉంది. 1912లో మహిళలకు వారానికి 54 గంటల పని బిల్లు వచ్చినప్పుడు, పండ్లూ కూరగాయలూ డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీల ఆడవాళ్ళను వదిలేస్తేనే గెలుస్తుందని తెలిసి, సరేనంది. 1935లో సామాజిక భద్రత చట్టం వచ్చినప్పుడు పొలాల్లో, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు బయటే ఉండిపోయారు. దక్షిణాది నల్లజాతి శ్రామికుల్లో ఎక్కువమంది వాళ్ళే. ఆమె అధ్యక్షత వహించిన కమిటీ అందరినీ కలపమనే సిఫారసు చేసింది. అయినా దక్కినంత తీసుకుని ముందుకు నడిచింది. ఈ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టు, వ్యాఖ్యానం అక్కరలేదు.

ఆమె భర్త మానసిక అనారోగ్యం గురించి ఒక పేజీన్నర రాశావు. ఆమె జీవితమంతా దాచుకున్న సంగతి అది. ఇల్లు గడవడానికి ఆమె జీతమే దిక్కు అని అర్థమయ్యేంత వరకు చాలు, రెండు వాక్యాలు ఉంచి మిగతాది తీసేయి.

వాషింగ్టన్, చెర్రీ చెట్టు, గొడ్డలి: ఆయన పోయాక ఒకాయన కల్పించి చేర్చిన కథ. కొట్టేశాను.

పన్నెండుమందినీ ఒకేసారి మళ్ళీ రాయకు. జాన్సన్ చిట్టా ముందు కట్టి పంపు, అచ్చుకు తొందరేమీ లేదు. అన్నట్టు, 41వ పేజీలో ఆ 87 ఓట్ల ఎన్నిక 1948 ఏప్రిల్‌లో జరిగినట్టు పడింది. ఆగస్టు 28. దిద్దుకో.