దాళ్వా కోతకి వస్తున్న మేనల్లుడికి

అమలాపురం,
ఫిబ్రవరి ఆఖరి వారం.

చిరంజీవి వాసుకి మీ అత్త ఆశీస్సులు.

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు ఆఫీసుకి సెలవు పెట్టి ఈసారి దాళ్వా కోత, అదే ఎండాకాలపు వరి కోత, దగ్గరుండి చేయిస్తానన్నావట. "చేయించడమే కాదక్కా, వాళ్ళతో పాటు చేలో దిగుతాడట" అన్నాడు. తమ్ముడి గొంతులో అంత సంతోషం నేను విని చాలా ఏళ్ళయింది. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేక పంట విరామం ప్రకటించినప్పుడు మీ నాన్న కూడా ఆ సార్వాకి, అంటే వానాకాలం పంటకి, నాట్లు వెయ్యలేదు. బీడు పడిన మడిని చూసి, "ఇంక మన తర్వాత దీని మొహం చూసేవాళ్ళు లేరు" అన్నాడు. ఆ మాట అన్నవాడి కొడుకు కొడవలి పట్టుకుంటానంటే నాకూ కడుపు నిండిపోయింది.

కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఏప్రిల్ 5న దిగి, 6వ తారీకు నించే చేలోకి వెళ్తావని మీ నాన్న చెప్పాడు. అది మాత్రం కుదరదు. నువ్వు మార్చి 20 కల్లా ఇక్కడ ఉండాలి. సెలవు లేదంటే చివర్లో తగ్గించుకో, ముందు మాత్రం తగ్గించకు. ఈ ఉత్తరం మొత్తంలో నువ్వు ఒక్క ముక్కే వింటానంటే ఈ ముక్క విను.

అందరూ మే నెలని చూసి భయపడతారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, నిజమే. 2003లోనూ 2015లోనూ వడగాల్పులకి మన రాష్ట్రంలో ఏడాదికి వెయ్యిమందికి పైనే పోయారు. ఆ రెండేళ్ళూ నేను ఆరోగ్య కేంద్రం ఉద్యోగంలోనే ఉన్నాను, ఇంటింటికీ ఓఆర్ఎస్ ప్యాకెట్లు పట్టుకుని తిరిగాను. అయినా నా భయం ఏప్రిల్ మీద. ఇంకా ఎండాకాలం రాలేదులే అని జనం అనుకునే రోజుల మీద.

శివరాత్రి వెళ్ళింది, చలి పోయింది. పొద్దున్న పూట ఇంకా హాయిగానే ఉంది. ఉగాది దగ్గర పడేసరికి ఒక రోజు ఉన్నట్టుండి గాలి ఆగిపోతుంది. అప్పటికి చేలల్లో తడి ఉంటుంది, కాలువలు ఇంకా కట్టెయ్యరు, ఒక పక్క గోదావరి పాయలు, ఇంకో పక్క సముద్రం. కొబ్బరి తోటల మధ్య నీడ ఉంటుంది గాని గాలి ఆడదు. థర్మామీటర్ చూస్తే 35, 36 అంటుంది. బెంగళూరులో కూడా అంత ఉంటుంది కదత్తా అంటావు. ఉంటుంది. కానీ అది తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న ఊరు, అక్కడి గాలి పొడి గాలి. అక్కడ పట్టిన చెమట నీకు తెలియకుండానే ఆరిపోతుంది. ఇక్కడ అది చొక్కాలోనే ఉండిపోతుంది.

ఒంటి వేడి 37 డిగ్రీలు. బయట గాలి కూడా ఆ దరిదాపులకి వచ్చాక ఒంట్లో వేడి బయటికి పోవడానికి చెమట ఆరడం ఒక్కటే దారి. చెమట కారితే చాలదు, ఆరాలి. నువ్వు రేపు ధాన్యం బరకాల మీద ఆరబోస్తావు కదా, కొనుగోలుకి తేమ 17 శాతం దాటకూడదు. ఎండ మాడ్చేస్తున్నా గాలిలో తడి ఉంటే ఆ తేమ ఎంతకీ దిగదు, ఎన్నిసార్లు కాళ్ళతో తిప్పినా సరే. ధాన్యం ఆరని రోజున నీ ఒళ్ళూ ఆరదు. తేమ మిషన్ పట్టుకునే ప్రతిసారీ ఆ సంగతి తల్చుకో.

వాతావరణ శాఖవాళ్ళ లెక్కలో కూడా మైదానాల్లో 40 డిగ్రీలకి చేరితేనే వడగాల్పు కిందికి వస్తుంది, కోస్తాలో మాత్రం 37 నించే లెక్కలోకి తీసుకుంటారు. మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ కూడా ఉండాలనుకో. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల పేర్లతో సహా హెచ్చరికలు ఇస్తోంది, మంచి పని. కానీ 36 డిగ్రీల ఉక్కపోత రోజున నీ ఫోన్‌కి ఏ మెసేజీ రాకపోవచ్చు. మెసేజ్ రాలేదు కదా అని ధైర్యంగా ఉండకు.

ఇప్పుడు మీ మావయ్య సంగతి చెప్పాలి.

నీకు ఊహ తెలిసేసరికే మావయ్య గోడ పట్టుకుని నడిచేవాడు. మాట ముద్దగా వచ్చేది. పక్షవాతం అని మీ పిల్లలందరికీ చెప్పాం, మీరూ అలాగే అనుకున్నారు. పక్షవాతం కాదు నాన్నా. వడదెబ్బ. ఒక్క పూట తగిలిన వడదెబ్బ.

1999 అది. సంక్రాంతి వెళ్ళగానే వాళ్ళన్నయ్యకి పూణేలో ఆపరేషన్ అయితే తోడుగా వెళ్ళి, మార్చి ఆఖరు దాకా అక్కడే ఉండిపోయాడు. ఆసుపత్రి గదిలో, ఫ్యాను కింద. వచ్చిన మర్నాడే చేలోకి వెళ్ళాడు. అప్పుడు కోత మిషన్లు ఎక్కడివి, పనలు కట్టలు కట్టి కుప్ప వేసే రోజు. పడమట మబ్బు పట్టింది, వాన పడితే పంట తడుస్తుందని కంగారు. పుట్టినప్పటి నించీ ఈ మట్టిలో ఉన్నవాణ్ణి, నాకు ఎండ కొత్తా అన్నాడు. ఆయన తప్పు అదొక్కటే. ఒంటికి నిరుటి ఎండ గుర్తుండదు. వారం రోజులు దూరంగా ఉంటేనే అలవాటు తగ్గడం మొదలవుతుంది, నెల దాటితే దాదాపు పూర్తిగా పోతుంది. మళ్ళీ మొదటి నించీ నేర్చుకోవాలి. రోజూ కాసేపు ఆ వేడిలో కష్టపడుతూ ఉంటే ఒకటి రెండు వారాల్లో చెమట తొందరగా పట్టడం, అందులో ఉప్పు తక్కువ పోవడం, గుండె నిదానంగా కొట్టుకోవడం అలవడతాయి. మావయ్య ఆ వారాలు ఇవ్వలేదు.

నేను ఆ రోజు ఇంకో ఊళ్ళో సబ్ సెంటర్లో టీకాలు వేస్తున్నాను. జరిగింది తర్వాత ఒక్కొక్కళ్ళనీ అడిగి తెలుసుకున్నాను. పదకొండు గంటలప్పుడు మావయ్య ఒక కూలీ మీద కేకలేశాడట, కట్ట వదులుగా కట్టాడని. ఎవరి మీదా గొంతు పెంచని మనిషి. అందరూ ఆశ్చర్యపోయారు గాని ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి గట్టు మీద కూర్చుని, కాళ్ళకి లేని చెప్పులు విప్పబోయాడట. అది చూసి ఇద్దరు నవ్వారు కూడా. వాళ్ళని తప్పు పట్టను, వాళ్ళకేం తెలుసు. ఒళ్ళంతా చెమట కారుతూనే ఉంది. వడదెబ్బ తగిలితే చెమట ఆగిపోతుందని అందరికీ తెలిసిన మాట. ఇంట్లో కూర్చున్న ముసలివాళ్ళకి అలాగే అవుతుంది. పని చేస్తూ పడిపోయేవాడికి చాలాసార్లు చెమట పడుతూనే ఉంటుంది. అందుకని అది వడదెబ్బ అని ఎవరికీ తట్టలేదు.

పడిపోయాక పాకలోకి మోసుకెళ్ళారు. ఒణుకుతున్నాడని దుప్పటి కప్పారు. వేడి ఒంటి మీద చన్నీళ్ళు పోస్తే సన్నిపాతం వస్తుందని ఎవరో పెద్దాయన అన్నాడు. ట్రాక్టర్ కోసం ఎదురు చూశారు. అప్పటికింకా 108 బండ్లు రాలేదు. ట్రాక్టర్ వచ్చి, పట్నం చేరేసరికి ఎంతసేపయిందో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. పాక పక్కనే బోదె, ఆ చిన్న పంటకాలువ నిండా నీళ్ళు పారుతున్నాయి వాసూ. ఆ నీళ్ళు ఆయన మీద పోస్తూనే ఉండి ఉంటే ఇంత జరిగేది కాదేమో. అన్నేళ్ళు గోడ పట్టుకుని నడిచేవాడు కాదేమో.

ప్రాణం దక్కింది. మెదడులో నడకని, మాటని నిలబెట్టే భాగం దెబ్బతింది, అది తిరిగి రాలేదు. మళ్ళీ ఎండలోకి వెళ్ళలేకపోయాడు. సాయంత్రాలు నీతో పేకాట ఆడుతూ ముక్కలు కింద పడేసుకునేవాడు, గుర్తుందా? నువ్వు ఏరి మళ్ళీ చేతిలో పెట్టేవాడివి. అప్పుడు నీకు ఆరేళ్ళో, ఏడేళ్ళో.

కాబట్టి ఇది బాగా గుర్తుపెట్టుకో. చేలో ఎవరైనా సరే తేడాగా మాట్లాడినా, తూలినా, ఊరికే చిరాకు పడినా, పేరు అడిగితే తికమక పడినా పని ఆపించు. నీడలోకి తీసుకెళ్ళు, బట్టలు వదులు చెయ్యి, బోదెలో నీళ్ళయినా బోరు నీళ్ళయినా ఒంటి నిండా పోస్తూనే ఉండు, ఒకరు విసురుతూ ఉండాలి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడకి, చంకల్లో, గజ్జల్లో పెట్టు. ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. బండి వచ్చేదాకా, బండి ఎక్కాక కూడా చల్లబరచడం ఆపకూడదు. తెలివి లేనివాడి నోట్లో నీళ్ళు పొయ్యకు, పక్కకి తిప్పి పడుకోబెట్టు. పారాసిటమాల్ వెయ్యకు, ఈ వేడికి అది పనిచెయ్యదు.

మార్చి 20న వచ్చాక ఏం చెయ్యాలో కూడా చెప్తాను. మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతు చాలు. పొద్దున్నే వెళ్ళి గట్లు చూసుకుని వచ్చెయ్. తర్వాత రోజుకి కాస్త కాస్త పెంచు. ఇంట్లో ఏసీ పెట్టించమన్నావట, పెట్టించు. రాత్రి వేసుకుని పడుకో, నేను వద్దనను. ఈ డాబా శ్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది, నిద్ర లేనివాడికి మర్నాటి ఎండ రెట్టింపు తగులుతుంది. కానీ పగలంతా ఆ గదిలోనే కూర్చుని లాప్‌టాప్ చూసుకుంటే నువ్వు ముందు వచ్చీ లాభం లేదు.

ఎక్కువ చేను కోత మిషనే కోస్తుంది. మురుగు కాలువ పక్క మడులు దిగబడతాయి, అక్కడ మనుషులే కొయ్యాలి. ఆ పని గుత్తకి ఇవ్వకు. గుత్తకి ఒప్పుకున్నవాళ్ళు మధ్యలో ఆగరు, ఆగితే వాళ్ళకే నష్టం. రోజు కూలీ ఇయ్యి, తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టించి పదిన్నరకి ఆపించు, మళ్ళీ నాలుగు దాటాకే. మీ నాన్న ఖర్చు పెరుగుతుందని గొణుగుతాడు. అత్త చెప్పిందని చెప్పు.

ఇంకో సంగతి, ఇది మగపిల్లలకి ఎవరూ చెప్పరు. చేలో ఆడవాళ్ళు నీళ్ళు తాగరు. దాహం లేక కాదు, వెళ్ళడానికి చాటు ఉండదని. పొద్దున్న ఇంట్లో తాగి వచ్చిన గ్లాసుతోనే మధ్యాహ్నం దాకా నెట్టుకొస్తారు. ఎన్ని కుండలు పెట్టి తాగండమ్మా అన్నా మొహమాటానికి ఒక గుక్క తాగుతారు. కొబ్బరి మట్టల తడకలతో గట్టు చివర నాలుగు పక్కలా చాటు కట్టించు, బకెట్టు నీళ్ళు పెట్టించు. కోత మొదలయ్యే ముందు రోజే అయిపోవాలి ఆ పని.

మజ్జిగలో ఉప్పు వెయ్యి. కొబ్బరినీళ్ళు ఎంతైనా తాగండి గాని అందులో ఉప్పు తక్కువ, చెమటలో పోయినదంతా దానితో తిరిగి రాదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ పెద్దది లీటరు నీళ్ళకి ఒకటి, గ్లాసులో కలుపుకోకూడదు. ముందు రాత్రి మందు కొట్టినవాణ్ణి ఆ రోజు చేలోకి రానివ్వకు. నూలు చొక్కాలు తెచ్చుకో. తలపాగా మీ నాన్న కడతాడు.

మీ నాన్న బీపీ మాత్రల సంగతి నాకు టెన్షన్‌గా ఉంది. వాటిలో ఒకటి ఒంట్లో నీళ్ళు బయటికి పంపే మాత్ర. ఎండాకాలంలో అది వేసుకునేవాళ్ళు తొందరగా నీరసపడతారు. సొంతంగా మానెయ్యకూడదు. ఉగాదికి ముందే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, మోతాదు మార్చాలా, ఉప్పు మజ్జిగ ఎంతవరకు తాగొచ్చు అని అడుగు. నేను చెప్తే వినడు. నువ్వు బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్తే మారు మాట్లాడడు, నీ వెనక కూర్చుని ఊళ్ళోంచి వెళ్ళడం వాడికి ఎంత ఇష్టమో నీకు తెలీదు.

శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తియ్యి, రాజమండ్రిలో దిగి రావులపాలెం మీదుగా బస్సు ఎక్కు. ముందు నా దగ్గరికి రా, భోజనం చేసి సాయంత్రం చల్లబడ్డాక మీ ఊరు వెళ్దువుగాని. వెయిటింగ్ లిస్టు చూపిస్తే ఇవ్వాళే ఫోన్ చెయ్యి, ఇంకో బండి చూద్దాం. తారీకు మాత్రం మార్చకు.

మీ అత్త