గడియారం తప్పుతోంది, ఫైలు సేవ్ కావడం లేదు

ప్రశ్న: విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని నా కంప్యూటర్ విండోస్ 11కు పనికిరాదని తేలడంతో, ఉన్న విండోస్‌ను అలాగే ఉంచి పక్కనే లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాను. ఇప్పుడు విండోస్‌లోకి వెళ్లినప్పుడల్లా గడియారం కొన్ని గంటలు తేడాగా ఉంటోంది. డి డ్రైవ్‌లోని ఫైళ్లు లినక్స్‌లో తెరుచుకుంటున్నాయి గానీ, మార్చి సేవ్ చేయబోతే కుదరడం లేదు. వర్డ్ పత్రాల్లో పేజీలు చెదిరిపోతున్నాయి. లినక్స్‌ను తీసేయమంటారా?

జవాబు: తొందరపడి తీసేయకండి. మదర్‌బోర్డు మీద బ్యాటరీతో నడిచే గడియారంలో ఉన్నది స్థానిక సమయమేనని విండోస్ అనుకుంటుంది. లినక్స్ మాత్రం అందులో అంతర్జాతీయ ప్రామాణిక సమయాన్ని ఉంచి, మీ ప్రాంతానికి తగిన తేడాను తెర మీద చూపేటప్పుడే లెక్క కడుతుంది. ఒకటి రాసిపెట్టినదాన్ని రెండోది తన పద్ధతిలో చదువుకోవడం వల్లనే ఈ తేడా వస్తోంది. ఇది తెలియక బ్యాటరీ మార్చి డబ్బు దండగ చేసుకునేవారూ ఉన్నారు. లినక్స్‌లో ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ అనే కిటికీలో టైమ్‌డేట్‌సీటీఎల్ (timedatectl) అనే ఆదేశం ద్వారా స్థానిక సమయాన్నే వాడమని చెబితే సరిపోతుంది.

డ్రైవ్ సంగతి కాస్త లోతైనది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది అమల్లో ఉన్నప్పుడు మీరు షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగిపోదు. మళ్లీ త్వరగా లేవడానికి వీలుగా తన కీలక భాగపు స్థితిని డిస్కులో దాచుకుని నిద్రపోతుంది. అలా సగంలో వదిలిన డిస్కు మీద మరొకరు రాస్తే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, లినక్స్ దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. జాగ్రత్త మంచిదే. అయితే ఆ కారణాన్ని తెర మీద ఒక్క తేలిక మాటలో చెప్పకపోవడం మాత్రం, నా దృష్టిలో, కొత్తగా వచ్చినవారిని ఊరికే హడలగొట్టడమే. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేసి, ఒకసారి పూర్తిగా షట్‌డౌన్ చేసి చూడండి. బలవంతంగా రాయించే మార్గాలు ఉన్నాయి గానీ, వాటి జోలికి వెళ్లవద్దు.

పేజీలు చెదరడానికి తరచుగా ఫాంట్లే కారణం. కాలిబ్రి, కేంబ్రియా లినక్స్‌లో ఉండవు. అక్షరాల వెడల్పు వాటితో సరిగ్గా సరిపోయే కార్లిటో, కలాడియా ఫాంట్లను వేసుకుంటే చాలా పత్రాలు కుదురుకుంటాయి. మాక్రోలతో, అంటే పనులను వాటంతటవే చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములతో, నడిచే ఎక్సెల్ ఫైళ్ల విషయంలో మాత్రం ఇంత భరోసా ఇవ్వలేను. మీ ఉపాధి వాటి మీదే ఆధారపడి ఉంటే ఆ పనికి విండోస్‌ను ఉంచుకోవడమే మేలు. అయితే మద్దతు ముగిసింది కాబట్టి దాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచండి.

ప్రశ్న: విండోస్ నుంచి మ్యాక్‌కు మారాను. కాపీ, పేస్ట్‌లకు వేళ్లు పాత మీటల మీదికే పోతున్నాయి. పైగా, మూసేసిన ప్రోగ్రాములు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

జవాబు: మ్యాక్‌లో ఆ పనులకు కంట్రోల్ బదులు కమాండ్ మీట వాడాలి. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్ షార్ట్‌కట్లలోకి వెళితే, మాడిఫైయర్ కీస్ దగ్గర కంట్రోల్, కమాండ్ మీటలను ఒకదానికొకటి మార్చుకోవచ్చు. ఇక, ఎర్ర బొత్తాం చాలా ప్రోగ్రాముల్లో ఆ కిటికీని మాత్రమే మూస్తుంది; ప్రోగ్రామును ఆపాలంటే కమాండ్‌తో క్యూ నొక్కాలి. మీటలు మార్చుకున్నాక అదే పనికి కంట్రోల్‌తో క్యూ నొక్కవలసి ఉంటుంది.