రేపియర్ కొనే ముందు పిడి లోపల ఏముందో అడుగు

అమ్మలూ,

కత్తిసాము క్లాసుకి కొంటానని నువ్వు చూపించిన ఆ రేపియర్, అదే పొడవడానికి వాడే సన్నటి పొడుగాటి కత్తి, అది వద్దు. పిడి మీద చెక్కుడు పని బాగుంది గానీ అది గోడకి తగిలించుకునే సరుకు. అంత పొడుగు బ్లేడు స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేస్తే వంగాల్సిన చోట పుటుక్కున విరుగుతుంది, విరిగిన చోట సూదిలా తేలుతుంది, పొడిచే ఊపులో ఉన్న నీ చెయ్యేమో ఆగదు. అదీ నా భయం.

మనకి కావాల్సింది స్ప్రింగ్ స్టీల్, లారీ కమాన్‌పట్టీల జాతి ఉక్కు. 51సీఆర్‌వీ4 అనో, 6150 అనో, 5160 అనో రాసి ఉంటుంది. గట్టిదనం రాక్‌వెల్ సీ స్కేలు మీద 50కి అటూ ఇటూగా ఉంటే చాలు. మరీ గట్టిదైతే విరుగుతుంది, మెత్తదైతే వంగి అలాగే ఉండిపోతుంది.

అసలు సంగతి పిడి లోపల ఉంటుంది. బ్లేడు ఉక్కే పిడి గుండా వెళ్లి, పిడి వెనక చివరనుండే లోహపు గుండు దాకా ఒకే ముక్కగా ఉండాలి. అలంకరణ కత్తులకి లోపల సన్నటి చువ్వ వెల్డింగ్ చేసి వదిలేస్తారు, ఊడేది అక్కడే. ఇక గుండు దగ్గర రెండు పద్ధతులు: గుండులోంచి బయటికొచ్చిన ఆ ఉక్కు చివర్ని సుత్తితో కొట్టి మూసేసేది, నట్టుతో బిగించేది. కొట్టి మూసింది వదులవ్వదు, నిజమే. అయినా నేను నట్టుదే కొనమంటాను, ఎందుకంటే ఎంత ఖరీదైన బ్లేడైనా అరిగి పోయేదే, అప్పుడు పిడి ఉంచుకుని బ్లేడు ఒక్కటీ మార్చుకోవచ్చు. విడి బ్లేడు అమ్ముతారా అని ముందే అడుగు. నట్టు మాత్రం క్లాసుకి ముందు ఓసారి బిగించుకుంటుండు.

పొడుగు విషయంలో, 1610లో ఇటలీలోని సియెనాలో కత్తిసాము పుస్తకం అచ్చేయించిన గురువు కాపోఫెర్రో, కత్తి అరికాలి నుంచి చంక దాకా ఉండాలన్నాడు. నీ ఎత్తుకి 105 సెంటీమీటర్ల బ్లేడు సరిపోతుంది. బరువు కిలో నుంచి కిలోంబావు. పిడి ముందు చేతికి అడ్డుగా ఉండే గార్డుకి నాలుగు వేళ్ల దూరంలో బ్లేడుని వేలి మీద పెడితే నిలబడాలి, ఇంకా ముందుకి నిలబడుతోందంటే మణికట్టు నొప్పి ఖాయం.

చేతికొచ్చాక మొనకి రబ్బరు తొడుగు పెట్టి, కత్తిసాముకి వేసుకునే జాలీ మాస్కు వేసుకుని, గోడకి ఆనించి మెల్లగా నొక్కు. ముందు భాగం ఒకే వంపుగా తిరిగి, వదలగానే నిటారుగా రావాలి. ఒక్కచోటే మడత పడ్డట్టు వంగితే మొహమాటం లేకుండా వాపసు ఇచ్చెయ్. అంచు మందం ఒకటిన్నర మిల్లీమీటర్లకి తగ్గకూడదు, తగ్గితే రెండు నెలల్లో రంపం అవుతుంది.

క్లాసయ్యాక అంచు వెంబడి దూదితో తుడువు. గరుకున్న చోట దారాలు పట్టుకుంటాయి, అక్కడ ఆకురాయితో రెండు రుద్దులు రుద్ది నూనె రాయి. చెమట చేత్తో ముట్టుకుని అలాగే సంచిలో పడేస్తే తెల్లారేసరికి తుప్పే. అడ్డంగా వెంట్రుకంత పగులు కనిపించినా సరే ఆ బ్లేడు ఇక వాడకు, వెల్డింగ్ చేయిస్తానని మాత్రం అనకు.

— మామయ్య